నీటికాసులకు కంటి చుక్కలు: సీసా మూత తీసినప్పటి నుంచి మళ్లీ డాక్టరు ముందు కూర్చునేదాకా

మా నాయన అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గరి రైతు. ఆయనకు నీటికాసుల జబ్బు, అంటే గ్లాకోమా, ఉందని తేలి తొమ్మిదేళ్లు దాటింది. అప్పటి నుంచి ఆయన కళ్లలో చుక్కలు వేసే పని ఎక్కువగా నాదే. మొదటి ఏడాది ఆ పని నాకు సరిగా తెలియదు. మందులో సగం చెంప మీదుగా కారిపోయేది, మిగిలిన సగం ముక్కులోకి దిగేది. ఆ తర్వాత కంటి డాక్టర్లు, ఆసుపత్రిలోని నర్సులు దగ్గరుండి నేర్పినదాన్నీ, రోజూ చేస్తూ చేస్తూ అర్థమైనదాన్నీ ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఏ మందు, ఎన్ని చుక్కలు, ఏ వేళకు అన్నది మీ డాక్టరు రాసిన చీటీయే నిర్ణయిస్తుంది; ఆ మందు వృథా కాకుండా, ఒంటికి హాని చేయకుండా కంటికి ఎలా చేర్చాలో మాత్రమే ఈ వ్యాసం చెబుతుంది.

ముందుగా ఒక్క విషయం మనసులో నాటుకోవాలి. కంటి లోపల ఎప్పుడూ ఒక ద్రవం ఊరుతూ, సన్నని దారుల గుండా బయటికి పోతూ ఉంటుంది. ఆ దారులు సరిగా పనిచేయకపోతే కంటిలో ఒత్తిడి పెరిగి, చూపును మెదడుకు చేర్చే నాడి మెల్లమెల్లగా దెబ్బతింటుంది. మామూలుగా ఈ ఒత్తిడి 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది, అయితే ఒత్తిడి ఈ హద్దులోనే ఉన్నా నాడి దెబ్బతినేవారు కూడా ఉన్నారు. చాలామందిలో పక్క చూపు ముందు పోతుంది, నడిమి చూపు చివరిదాకా నిలుస్తుంది కాబట్టి రోగికి ఏమీ తెలియదు. పోయిన చూపు తిరిగి రాదు. చుక్కలు చేసేదల్లా ఒత్తిడి తగ్గించి, ఉన్న చూపును నిలబెట్టడమే. శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నవారికి మర్నాడే లోకం తెల్లగా కనిపిస్తుంది. చుక్కలు వేసుకున్నవారికి అలాంటి మార్పు ఏదీ కనిపించదు, పైగా కాసేపు మంట పుడుతుంది. "నెల రోజులు వేసినాను, ఏమీ గుణం కనపళ్లేదు" అని మానేసేవారు మన ఊళ్లలో ఎక్కువగా ఉండడానికి కారణం ఇదే. గుణం కనిపించదు, కానీ మందు పని చేస్తూనే ఉంటుంది.

సీసా కొనేటప్పుడు, తెరిచేటప్పుడు

చీటీలో ఉన్న మందు పేరును సీసా మీది పేరుతో అక్షరం అక్షరం పోల్చి చూడండి. కంపెనీ పెట్టిన పేరు కింద చిన్న అక్షరాలతో అసలు మందు పేరు, దాని శాతం ఉంటాయి, చూడవలసింది వాటినే. కాలపరిమితి తేదీ, మూత చుట్టూ ఉండే సీలు కూడా చూసుకోవాలి. మూత రంగును బట్టి మందును గుర్తుపట్టే అలవాటు చాలామందికి ఉంది, కానీ కంపెనీ మారితే రంగు మారవచ్చు. చూపు తక్కువగా ఉన్నవారి కోసం సీసాకు రబ్బరు బ్యాండు చుట్టడం మేలు. మా ఇంట్లో పొద్దుటి సీసాకు ఒకటి, రాత్రి సీసాకు రెండు చుడతాము, నాయన వేలితో తడిమి చెబుతాడు. చెవిలో వేసే చుక్కలు, వస్తువులు అతికించే జిగురు వంటివి ఇంచుమించు ఇదే పరిమాణంలో ఉంటాయి కాబట్టి వాటిని కంటి మందులు పెట్టే చోట ఎప్పుడూ పెట్టకూడదు.

కొత్త సీసా మొనకు కొన్నిసార్లు రంధ్రం ఉండదు. దాన్ని గుండుసూదితోనో, పిన్నీసుతోనో పొడవడం మనవైపు మామూలు. నేనూ అలాగే చేశాను, దానితో రెండు నష్టాలు జరిగాయి. సూది శుభ్రంగా ఉండదు, రంధ్రం పెద్దదై చుక్క లావుగా పడి సీసా త్వరగా ఖాళీ అవుతుంది. అలాంటి సీసాల మూత లోపలే చిన్న ముల్లు ఉంటుంది. మూతను కుడివైపుకు గట్టిగా బిగించి, మళ్లీ విప్పితే సరైన కొలతకు రంధ్రం పడుతుంది. తెరిచిన రోజు తేదీని పెన్నుతో సీసా మీదే రాయండి. చాలా మందులను తెరిచిన నాలుగు వారాల తర్వాత, లోపల ఇంకా మిగిలి ఉన్నా, పారేయాలి; మీ మందుకు వేరే గడువు ఉంటే పెట్టెలోని కాగితం మీద రాసి ఉంటుంది.

చుక్క వేసే తీరు

చేతులు సబ్బుతో కడుక్కోవడంతో పని మొదలవుతుంది. మిరపకాయలు తుంచిన చేతులైతే ఒకసారి కడిగితే చాలదు, రెండు మూడుసార్లు కడిగి తుడుచుకోవాలి. వీలైతే ఆ రోజుకు మరొకరి చేత వేయించుకోవాలి. కంట్లో పుసి ఉంటే కాచి చల్లార్చిన నీటిలో ముంచిన శుభ్రమైన దూదితో తుడవండి. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవారు వాటిని తీసి, చుక్క వేసిన పదిహేను నిమిషాల తర్వాతే మళ్లీ పెట్టుకోవాలి. సీసా మీద కదిలించి వాడమని ఉంటే, నీటికాసుల మందుల్లో ఒకటైన బ్రింజోలమైడ్‌కు అలాగే ఉంటుంది, బాగా కదిలించాలి.

ఇప్పుడు కూర్చోవడం. గోడకు ఆనించిన కుర్చీలో తల వెనక్కి వాల్చి కూర్చోవచ్చు, లేదా మంచం మీద వెల్లకిలా పడుకోవచ్చు. నిలబడి వేసుకోవద్దు, ముఖ్యంగా పెద్దవారు. తల వెనక్కి వాల్చినప్పుడు తూలిపడతారు. ఎడమచేతి చూపుడు వేలితో కింది రెప్పను మెల్లగా కిందికి లాగితే రెప్పకూ గుడ్డుకూ మధ్య చిన్న సంచిలాగా తెరుచుకుంటుంది. చుక్క పడవలసింది ఆ సంచిలో, నల్లగుడ్డు మీద కాదు. నల్లగుడ్డు మీద పడితే ఉలిక్కిపడి రెప్ప వాల్చేస్తాము, మందు బయటికి చిమ్ముతుంది.

చేయి వణికేవారు సీసా పట్టుకున్న చేతి మణికట్టును రెప్ప లాగిన చేతి మీద ఆనించాలి, అప్పుడు రెండు చేతులూ ఒకటిగా కదులుతాయి. చూపు పైకి, ఇంటి దూలం వైపు పెట్టి, సీసాను కంటికి ఒక అంగుళం ఎత్తున పట్టుకుని మెల్లగా ఒక్కసారి నొక్కండి. సీసా మొన రెప్పకు గానీ, వెంట్రుకలకు గానీ, వేలికి గానీ తగలకూడదు. తగిలితే అక్కడి సూక్ష్మజీవులు సీసాలోకి చేరి, ఆ నెలంతా మందుతో పాటు అవే కంటిలోకి పోతాయి.

ఒక్క చుక్కే వేయాలి. ఇది పిసినారితనంతో చెప్పే మాట కాదు. సీసా నుంచి రాలే ఒక చుక్క మామూలుగా 30 నుంచి 50 మైక్రోలీటర్లు ఉంటుంది, కింది రెప్ప సంచిలో నిలిచేది అంతకన్నా తక్కువే. రెండో చుక్క వేస్తే అది చెంప మీదికి కారడమే కాక మొదటి చుక్కను కూడా కడిగేస్తుంది. మొదటిది బయట పడిందని ఖాయంగా తెలిస్తేనే ఇంకొకటి వేయండి. పడిందో లేదో తెలియడం లేదనేవారికి ఒక ఉపాయం: ఫ్రిజ్‌లో పెట్టదగిన మందైతే దాన్ని చల్లగా వేసుకోండి, చుక్క తగిలిన చలువ స్పష్టంగా తెలుస్తుంది.

చుక్క పడ్డాక చేసేదే అన్నిటికన్నా ముఖ్యమైనది, అందరూ వదిలేసేదీ అదే. కళ్లు మెల్లగా మూసి, ముక్కు పక్కన ఉండే కంటి కొలుకు మీద చూపుడు వేలు పెట్టి, లోపలి ఎముకకు ఆనేలా నొక్కి రెండు నిమిషాలు అలాగే ఉండాలి. ఆ కొలుకు దగ్గరే కన్నీరు ముక్కులోకి దిగే నాళం మొదలవుతుంది. దాన్ని నొక్కకపోతే మందు ముక్కులోకి, గొంతులోకి జారి, అక్కడి నుంచి నేరుగా రక్తంలో కలుస్తుంది; కంటికి పోవలసిన మందు గుండెకూ ఊపిరితిత్తులకూ పోతుందన్నమాట. చుక్క వేసిన కాసేపటికి గొంతులో చేదు తగిలితే వేలు సరైన చోట లేదని గుర్తు. రెప్పలు గట్టిగా బిగించవద్దు, టపటపా కొట్టవద్దు, అలా చేస్తే మందును మనమే బయటికి పిండినట్లవుతుంది. మా నాయన మనసులో నూట ఇరవై దాకా లెక్క పెడతాడు. ఒకసారి నేను తొందరపడి, "చాలు నాయనా, లే" అంటే, "ఇంకా తొంభై కాలేదు, ఉండు" అన్నాడు. ఆయనకు టిమోలాల్ అనే చుక్కల మందు వేసిన మొదటి వారాల్లో నడిస్తే వచ్చిన నీరసం, కొలుకు నొక్కడం నేర్చుకున్నాక తగ్గింది. అయినా ఆ సంగతి డాక్టరుకు చెప్పి చేతి నాడి చూపించాము, మీరూ అలాగే చూపించాలి.

చివరగా రెప్పల మీద, చెంప మీద మిగిలిన మందును శుభ్రమైన గుడ్డతో అద్ది, మూత బిగించి, చేతులు మళ్లీ కడుక్కోండి. ఎంత ప్రయత్నించినా కన్ను తెరవలేనివారు వెల్లకిలా పడుకుని, కన్ను మూసే ఉంచి, కొలుకు దగ్గరి గుంటలో ఒక చుక్క వేసుకుని, ఆపై కన్ను తెరిస్తే మందు లోపలికి జారుతుంది. దీనికి ముందు ముఖం కడుక్కుని ఉండాలి.

మీరు సరిగా వేస్తున్నారో లేదో సీసాయే చెబుతుంది. లాటానోప్రాస్ట్ అనే మందు 2.5 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు 80 చుక్కలు ఉంటాయి. రెండు కళ్లకూ రాత్రికి ఒక్కొక్క చుక్క చొప్పున వేస్తే నెలకు 60 కావాలి. అది ఇరవై రోజులకే అయిపోతుంటే చుక్కలు చెంప మీద పడుతున్నాయి; నెలన్నర వస్తుంటే ఎవరో ఎక్కడో మరిచిపోతున్నారు.

రెండు మూడు మందులు ఉన్నప్పుడు

ఒక మందుకూ ఇంకొక మందుకూ మధ్య కనీసం ఐదు నిమిషాలు, వీలైతే పది నిమిషాలు ఆగాలి. వెంటనే వేస్తే రెండోది మొదటిదాన్ని కొట్టుకుపోయేలా చేస్తుంది. జెల్ గానీ, ఆయింట్‌మెంట్ గానీ ఉంటే అది అన్నిటికన్నా చివర. అంత ఓపిక లేదనేవారు ఒక మందు మానేయడం కన్నా, రెండు మందులు కలిపి ఒకే సీసాలో వచ్చేది మీకు సరిపోతుందా అని డాక్టరును అడగడం మంచిది.

ఏ మందుకు ఏ జాగ్రత్త

టిమోలాల్ చవకైనది, బాగా పనిచేసేది, కానీ అడిగి తెలుసుకోకుండా వాడదగినది కాదు. ఉబ్బసం, పాత ఆయాసం, నాడి నెమ్మదిగా కొట్టుకోవడం, కొన్ని రకాల గుండె జబ్బులు ఉన్నవారికి ఇది ప్రమాదం తెస్తుంది. చీటీ రాసేటప్పుడు కంటి డాక్టరు అడిగినా అడగకపోయినా ఈ సంగతులు మనమే చెప్పాలి, రోజూ మింగే బీపీ, గుండె మాత్రలు కూడా తీసుకెళ్లి చూపించాలి. షుగర్ తగ్గినప్పుడు వచ్చే గుండెదడను ఇది కప్పివేయగలదు కాబట్టి ఇన్సులిన్ వేసుకునేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. చుక్క వేశాక ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగి పడిపోయినా తర్వాతి చుక్క వేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, సీసాను వెంట తీసుకెళ్లండి.

లాటానోప్రాస్ట్, బైమాటోప్రాస్ట్, ట్రావోప్రాస్ట్ ఒక కుటుంబానికి చెందినవి. సాధారణంగా రోజుకు ఒక్కసారి, రాత్రి వేస్తారు. ఎక్కువసార్లు వేస్తే గుణం పెరగకపోగా తగ్గవచ్చు. కళ్లు కొంత ఎర్రబడతాయి, రెప్పల వెంట్రుకలు పొడుగవుతాయి, కంటి చుట్టూ చర్మం నల్లబడుతుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయని ఎవరో అన్నారని మానేసినవారిని చూశాను. ఎరుపు ఇబ్బంది పెడితే డాక్టరు మందు మారుస్తారు, మానడం మాత్రం మన చేతిలోకి తీసుకోవలసిన నిర్ణయం కాదు.

బ్రిమోనిడిన్‌తో నోరు ఎండుతుంది, మగత వస్తుంది. ట్రాక్టరు, మోటారుసైకిలు నడిపేవారు మొదటి రోజుల్లో తమ తీరు చూసుకోవాలి. కొన్ని నెలల తర్వాత కళ్లు దురద పెట్టి వాచడం కూడా దీనితో జరుగుతుంది. రెండేళ్లలోపు పిల్లలకు ఇది వేయకూడదు, పసిపిల్లలకు ఊపిరి మందగించేంత ప్రమాదం ఉంది. డోర్జోలమైడ్, బ్రింజోలమైడ్ వేస్తే నోరు చేదవుతుంది. సల్ఫా మందులు పడనివారు ముందే చెప్పాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఏ చుక్క అయినా డాక్టరుకు తమ సంగతి చెప్పిన తర్వాతే మొదలుపెట్టాలి.

మన ఎండలకు మందును కాపాడుకోవడం

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. తెరవని లాటానోప్రాస్ట్ సీసాలు చాలావరకు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, తెరిచాక 25 డిగ్రీలు మించని చోట ఉండాలి. అందుకని షాపువాడు ఫ్రిజ్‌లోంచి తీసి ఇస్తున్నాడా, అల్మారాలోంచి తీసి ఇస్తున్నాడా అన్నది గమనించండి. కర్నూలులో కొని ఆలూరుకో, అనంతపురంలో కొని కళ్యాణదుర్గానికో బస్సులో తీసుకెళ్లేటప్పుడు చొక్కా జేబులో పెట్టుకోవద్దు. సీసాను గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను ఐస్ ఉన్న సంచిలో ఉంచండి. ఐస్ నేరుగా తగిలి మందు గడ్డకట్టకూడదు, అదే కారణంతో ఇంట్లో కూడా ఫ్రీజర్‌లో పెట్టకూడదు.

ఫ్రిజ్ లేని ఇళ్లలో తెరిచిన సీసాను మూత గట్టిగా ఉన్న చిన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను తడి ఇసుక నింపిన మట్టికుండలో, నీడలో, గాలి తగిలే చోట ఉంచవచ్చు. ఫ్రిజ్ అంత చల్లదనం రాకపోయినా రేకుల ఇంటి అల్మారా కన్నా ఎంతో నయం. టిమోలాల్ వంటివి చాలావరకు ఫ్రిజ్ అడగవు, వెలుతురు, వేడి తగలకుండా ఉంటే చాలు. ఊరు వెళ్లేటప్పుడు, బెంగళూరుకు కూలికో, తిరుమలకో, చీటీ ఫోటో ఫోనులో ఉంచుకుని, అదనంగా ఒక సీసా వెంట తీసుకెళ్లండి.

వేళ తప్పకుండా, తప్పితే

రోజూ తప్పని పని ఒకదానికి చుక్కను ముడిపెట్టండి: పొద్దున కాఫీకి ముందు, రాత్రి సంగటి తిని చేతులు కడుక్కున్న వెంటనే. క్యాలెండర్‌లో తేదీ మీద చిన్న గీత గీస్తే, వేశామా లేదా అన్న తగవు ఉండదు. మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు ఒక చుక్క వేయండి. తర్వాతి వేళ దగ్గరపడి ఉంటే పోయినదాన్ని వదిలేసి, ఆ వేళకు వేయవలసింది వేయండి. రెండు చుక్కలు కలిపి వేయకూడదు.

రంజాన్ నెలలో పగలు చుక్కలు మానేసేవారు కర్నూలు, కడపలలో ఉన్నారు. కంటి చుక్కల వల్ల ఉపవాసం భంగం కాదని చాలామంది మతపెద్దలు చెబుతారు. అయినా మనసు ఒప్పకపోతే, మానేయకుండా, వేళలను సహరీకి ముందుకూ ఇఫ్తార్ తర్వాతకూ మార్చవచ్చేమో డాక్టరుతో మాట్లాడండి. ఏకాదశి ఉపవాసాలకు కూడా చుక్కలు అడ్డు కావు.

కంటి దరిదాపులకు రానివ్వకూడనివి

ఆకు పసరు, తేనె, ఆముదం, చనుబాలు కంట్లో పోయడం ఇంకా ఆగలేదు. ఇవి ఒత్తిడిని తగ్గించవు, నల్లగుడ్డుపై పుండు పడేలా చేస్తాయి. అంతకన్నా నన్ను బాధించేది స్టెరాయిడ్ చుక్కల సంగతి. మా బంధువుల పిల్లవాడికి ప్రతి ఎండాకాలం కళ్లు దురద పెట్టేవి. ఒక మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చిన చుక్కలు వేస్తే గంటలో హాయిగా ఉండేది, అందుకని రెండేళ్లు అవే కొన్నారు. బడిలో నల్లబల్ల మీది అక్షరాలు కనపడక డాక్టరు దగ్గరికి తీసుకెళితే, స్టెరాయిడ్ వల్ల కంటి ఒత్తిడి పెరిగి నాడి దెబ్బతిన్నదని తేలింది. స్టెరాయిడ్ అవసరమైన రోగాలు ఉన్నాయి, డాక్టరు రాస్తే ఎన్ని రోజులు రాశారో అన్ని రోజులే వేసి, మధ్యలో ఒత్తిడి చూపించుకోవాలి. నీటికాసులు ఉన్నవారు ఏ జబ్బుకు ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఆ సంగతి ముందుగా చెప్పాలి, ఎందుకంటే కొన్ని జలుబు మాత్రలు కూడా ఒక రకం నీటికాసులకు పడవు.

ఆగకుండా వెళ్లవలసిన సమయాలు

కంట్లో తీవ్రమైన నొప్పి, అదే పక్క తలనొప్పి, వాంతులు, దీపాల చుట్టూ రంగుల వలయాలు, చూపు హఠాత్తుగా మసకబారడం కలిసి వస్తే అది కంటి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగిన సూచన. రాత్రయినా సరే, తెల్లారేదాకా ఆగకూడదు. కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, అనంతపురం, కడపలలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు ఉన్నాయి. వాంతులను చూసి కడుపు జబ్బు అనుకుని గంటలు పోగొట్టుకునేవారు ఉన్నారు కాబట్టి, కంటి నొప్పి సంగతి అక్కడి వారికి మొదటి మాటగా చెప్పండి. కన్ను ఎర్రబడి చీము కారినా, కంటికి దెబ్బ తగిలినా ఆలస్యం చేయవద్దు.

మళ్లీ డాక్టరు దగ్గరికి

పరీక్షకు వెళ్లే రోజు ఉదయం చుక్కలు మానకండి, డాక్టరు మానమని చెప్పి ఉంటే తప్ప. వేసుకునే వెళితేనే మందు ఎంత పనిచేస్తున్నదో కొలతలో తెలుస్తుంది. సీసాలన్నీ సంచిలో వేసుకెళ్లండి, ఖాళీవి కూడా. ఎన్ని రోజులు మరిచారో, డబ్బు లేక ఎన్ని వారాలు కొనలేదో ఉన్నదున్నట్లు చెప్పండి. "రోజూ వేస్తున్నాను సార్" అని మొహమాటానికి అంటే, వేస్తున్నా ఒత్తిడి తగ్గలేదని డాక్టరు అనుకుని ఇంకొక మందు కలుపుతారు, లేదా ఆపరేషన్ మాట ఎత్తుతారు. ఖరీదు భారమైతే తక్కువ ధర మందు ఉందేమో, జన ఔషధి కేంద్రంలో దొరుకుతుందేమో అప్పుడే అడగండి.

లేచి వచ్చే ముందు ఒక పని చేయండి. చుక్క వేసుకునే తీరును అక్కడి నర్సు ముందో, ఆప్తాల్మిక్ అసిస్టెంటు ముందో ఒకసారి చేసి చూపించండి. నాయనకు చుక్కలు మొదలైన నాలుగో ఏట నేను అలా చేసి చూపినప్పుడే నా వేలు కొలుకు మీద కాక, దానికి కొంచెం కింద, ముక్కు మెత్తటి చోట ఉందని ఒక నర్సమ్మ నా చేయి పట్టుకుని సరిచేసింది. నాయనకు వచ్చే చేదు ఆ రాత్రి నుంచి రాలేదు.